విమాన మరమ్మత్తు సదస్సుల్లో పనివాడి కుర్చీ ఎక్కడ?

2026 జనవరి 28 నుండి 31 వరకు హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయంలో ‘వింగ్స్ ఇండియా’ సదస్సు, ప్రదర్శన జరిగాయి. 2024 జనవరిలో కూడ అవి ఇదే చోట జరిగాయి. కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వశాఖ, యజమానుల సమాఖ్య అయిన ఫిక్కీతో కలసి నిర్వహించే కార్యక్రమమిది. సామాన్య జనం విమానాల విన్యాసాలు చూచుటకు వెళ్తారు. అసలు వ్యవహారం మాత్రం నేలమీదనే, చర్చా మందిరాల్లోనూ బల్లల చుట్టూనూ సాగుతుంది. విమాన సంస్థలవారు, విమానాలను అద్దెకిచ్చే కంపెనీలవారు, విడిభాగాల వ్యాపారులు, మరమ్మత్తు కేంద్రాల యజమానులు, ప్రభుత్వాధికారులు అక్కడ కలుసుకుంటారు. విమాన నిర్వహణ, మరమ్మత్తు పరిశ్రమకే ప్రత్యేకించిన సదస్సులు దేశ విదేశాల్లో ఏటేటా జరుగుతున్నాయి. ఆ భాషలో దీనికి ‘నెట్‌వర్కింగ్’ అని పేరు.

బిలాస్‌పూర్‌లోని కుదుదండ్ వంటి పేటల్లో కాపురముండే రైల్వే ఉద్యోగికి, తపాలా ఉద్యోగికి ఇందులో పనేమిటని పాఠకులు అడుగవచ్చు. అడుగవలసిన ప్రశ్నే. మా ఊరి చకర్‌భాఠా విమానాశ్రయం నుండి 2021 మార్చి 1న ప్రయాణికుల విమానాలు మొదలైనాయి. కాని మనలో వాటినెక్కేవారు కొద్దిమందే. అయినప్పటికీ ఆ సదస్సుల్లో స్థిరపడుతున్న పద్ధతులు మన షెడ్లలోకి, మన వర్క్‌షాపుల్లోకి, మన పిల్లల ఉద్యోగాలలోకి వస్తున్నాయి. అందువలన వాటిని అర్థం చేసుకొనుట అవసరం.

మొదట ఒక సంగతి స్పష్టం చేయాలి. పరిచయాలు పెంచుకొనుట తప్పు కాదు. మన విమానాల ఇంజన్లు పెద్ద మరమ్మత్తు కొరకు విదేశాలకు ప్రయాణం కట్టవలసిన స్థితి చాలాకాలం కొనసాగింది. ఆ పని స్వదేశానికి వస్తే మన యువకులకు ఉపాధి. శంషాబాద్ వద్ద జి.ఎం.ఆర్. ఏరో టెక్నిక్, ఎయిరిండియా ఇంజినీరింగ్ సర్వీసెస్ సంస్థల మరమ్మత్తు కేంద్రాలు ఏర్పడినాయి. 2025 నవంబరు 26న ఫ్రెంచి సంస్థ సాఫ్రాన్ అక్కడే లీప్ ఇంజన్ల మరమ్మత్తు కేంద్రాన్ని ప్రారంభించింది. సుమారు 1,300 కోట్ల రూపాయల పెట్టుబడి. పూర్తి స్థాయికి చేరినపుడు ఏడాదికి 300 ఇంజన్లు, వెయ్యిమందికి పైగా ఇంజనీర్లు, సాంకేతిక నిపుణులు అని ఆ సంస్థ ప్రకటించింది. వీటిని కార్మికోద్యమం ఆహ్వానించాలి. ఇటువంటి కేంద్రాలు ఒక్క ఉత్తరంతో రావు. ఏళ్ళ తరబడి సాగిన పరిచయాలు, రాకపోకలు, సంప్రదింపుల ఫలితంగా వస్తాయి.

ఆ సంప్రదింపుల శక్తి ఎంతటిదో పన్నుల చరిత్ర చెబుతుంది. విమాన మరమ్మత్తు సేవలపై జి.ఎస్.టి. 18 శాతం ఉండేది. మరమ్మత్తు సంస్థల యజమానులు ఒకే మాటగా ఏర్పడి ప్రతి వేదికపైనా దానిని వినిపించారు. 2020 ఏప్రిల్ నుండి అది 5 శాతానికి దిగింది. దిగుమతి చేసుకునే విడిభాగాలకు రకరకాల రేట్లుండేవి. 2024 జూలై నుండి అన్నిటికీ కలిపి 5 శాతం ఐ.జి.ఎస్.టి. ఖరారైంది. ఈ నిర్ణయాలు మంచివా చెడ్డవా అన్నది ఇక్కడ చర్చ కాదు. ఒక పరిశ్రమలోని యజమానులు, తమలో తాము పోటీదారులై ఉండికూడ, ఒకచోట కూర్చొని ఒక కోరికను తయారుచేసుకొని, సంబంధిత మంత్రిత్వశాఖ ముందుంచి సాధించుకొన్నారు. సంఘటిత శక్తి అనగా ఏమిటో మనకు వారు చూపించినారు.

మరి ఆ బల్ల వద్ద ఎవరు లేరు? విమానం ఎగురుటకు యోగ్యమని సంతకం చేసేవాడు లేడు.

రైల్వే మిత్రులకు ఇది వివరించనక్కరలేదు. గూడ్సు రేకు బయలుదేరాలంటే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ కావాలి. దానిపై సంతకం చేసిన సిబ్బంది మాట మీదనే లోకో పైలట్ బండి కదుపుతాడు. విమానానికీ అంతే. డి.జి.సి.ఎ. లైసెన్సు పొందిన ఇంజనీరు పనిని పరీక్షించి, సర్వీసుకు పంపవచ్చునని సంతకం చేయనిదే విమానం కదలరాదు. అతని వెనుక పానా పట్టి, నట్టు బిగించి, గ్రీజు పెట్టిన టెక్నీషియన్లు పలువురుంటారు. సదస్సులో మాట్లాడుకొనేది మరమ్మత్తు ఎంత త్వరగా ముగించగలమని, ఎంత తక్కువకు చేయగలమని. నేలమీద నిలిచిపోయిన ప్రతి విమానమూ దాని యజమానికి రోజువారీ నష్టం గనుక ఆ ప్రశ్న సహజమే. కాని ఆ ‘త్వరగా’ అన్న మాట చివరకు రాత్రి షిఫ్టులో ఒక మనిషి భుజాలపై పడుతుంది. ఆ మనిషి ఆ గదిలో లేడు.

అతను లేకపోతే ఏమవుతుందో ప్రపంచ విమానయాన చరిత్రలో రక్తంతో వ్రాసి ఉన్నది. 1996 మే 11న అమెరికాలోని ఫ్లోరిడాలో వాల్యూజెట్ విమానం కూలి 110 మంది మరణించారు. విమాన సంస్థ తన మరమ్మత్తు పనిని బయటి కాంట్రాక్టు సంస్థకు అప్పగించింది. అక్కడ విప్పిన ఆక్సిజన్ జనరేటర్లను సరియైన రక్షణ మూతలు లేకుండా పెట్టెల్లో సర్ది, సామాను గదిలోకి ఎక్కించారు. అవి నిప్పు రాజేసినాయి. 2000 జనవరి 31న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం సముద్రంలో కూలి 88 మంది చనిపోయారు. తోకభాగాన్ని కదిలించే ఒక పెద్ద మరకు చాలినంత గ్రీజు లేక దాని పళ్ళు అరిగిపోయినాయి. గ్రీజు పెట్టే గడువును సంస్థ పొడిగించుకుంటూ పోగా నియంత్రణాధికారులు అంగీకరించినారని, అది ప్రమాదావకాశాన్ని పెంచినదని దర్యాప్తు సంస్థ తేల్చింది. గడువు పొడిగించుట కాగితంపై పొదుపు. ఆ పొదుపు వెల 88 ప్రాణాలు.

భద్రత అన్న మాట విలువ బిలాస్‌పూర్‌కు కొత్తగా నేర్పనక్కరలేదు. 2025 నవంబరు 4న మా ఊరి సమీపంలో మెము రైలు, ఆగివున్న గూడ్సును వెనుకనుండి ఢీకొని పదిమందికి పైగా మరణించారు. కారణాలు వేరు; కాని ప్రతి దుర్ఘటన తరువాత మొదటి వేలు చూపేది పనిచేసేవాడి వైపే. నిర్ణయాలు తీసుకున్నపుడు పిలువని మనిషిని, లెక్క తేలేనాడు మాత్రం ముందు నిలబెడతారు.

ఇక మన సొంత వ్యవహారానికి వద్దాం. తయారుచేసినవాడే దీర్ఘకాలం మరమ్మత్తు కూడ చేసే పద్ధతి విమాన ఇంజన్లకు మాత్రమే పరిమితం కాలేదు. మాధేపురాలో ఆల్‌స్టమ్ సంస్థతో కలసి తయారవుతున్న 12,000 అశ్వశక్తి గల ఎలక్ట్రిక్ ఇంజన్లకు సహారన్‌పూర్, నాగపూర్‌లలో ప్రత్యేక నిర్వహణ డిపోలు ఏర్పడినాయి. వందే భారత్ స్లీపర్ రైళ్ళ కాంట్రాక్టులలో 35 సంవత్సరాల నిర్వహణ కూడ చేరి ఉన్నది. రాయపూర్ వేగన్ రిపేర్ షాపులో, భిలాయ్ ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో మూడు తరాలుగా సంపాదించిన నైపుణ్యానికి రేపటి స్థానమేమిటి? ఎయిరిండియా ఉద్యోగులు ఈ ప్రశ్నను మనకంటే ముందు ఎదుర్కొన్నారు. 2022 జనవరి 27న ఎయిరిండియా టాటాల చేతికి వెళ్ళినపుడు, దాని ఇంజినీరింగ్ సంస్థ మాత్రం విడిగా ప్రభుత్వం వద్దనే ఉండిపోయింది. విమానాలు ఒక యజమానివి, వాటిని దశాబ్దాలుగా బాగుచేసిన చేతులు మరొక యజమానివి అయినాయి. వారి అనుభవం మనకు తెలియాలి. తెలియుటకు వారితో పరిచయముండాలి.

పరిచయాల బలం కార్మికవర్గానికి కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఆంధ్ర తీరంనుండి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్‌ల వరకు తెలుగు కార్మికులు ఆ లైను వెంబడి స్థిరపడ్డారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్వాసనలకు వ్యతిరేకంగా సమ్మె లేచినపుడు ఆ సంఘానికి నాయకత్వం వహించినవారిలో వి.వి. గిరి ఒకరు. టెలిఫోను సైతం అందని ఆ రోజుల్లో ఒక స్టేషను వార్త మరొక స్టేషనుకు గార్డుల ద్వారా, ఫైర్‌మన్ల ద్వారా, ఉత్తరాల ద్వారా చేరింది. 1946 జూలైలో తపాలా ఉద్యోగులు సమ్మె చేసినపుడు వారికి మద్దతుగా జూలై 29న కలకత్తా నగరమంతా స్తంభించింది. 1896లో లండన్‌లో పుట్టిన అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్యలో రైల్వే విభాగమూ ఉన్నది, పౌర విమానయాన విభాగమూ ఉన్నది. మన దేశపు రైల్వే ఫెడరేషన్లు అందులో సభ్యులు. అనగా తలుపు తెరిచే ఉన్నది, మనం లోపలికి వెళ్ళి కూర్చొనుటయే తరువాయి.

తపాలా మిత్రులకు మరొక సంగతి గుర్తుచేద్దాం. 1949లో మొదలైన రాత్రి విమాన తపాలా పథకంలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకొనేవి. సంచులు మార్చుకొని తిరిగి తమ తమ నగరాలకు వెళ్ళేవి. తెల్లవారేసరికి నాలుగు దిక్కుల ఉత్తరాలు నాలుగు దిక్కులా అందేవి. సంఘాల పని కూడ అటువంటిదే. నాలుగు శాఖలవారు ఒకచోట కలిసి తమ తమ వార్తలు మార్చుకొంటేనే ఎవరి వార్త అయినా గమ్యం చేరుతుంది.

కనుక మన శాఖల ముందు మూడు పనులున్నాయి.

మొదటిది: ప్రభుత్వ శాఖలు భాగస్వాములుగా జరిగే ప్రతి విమానయాన, రైల్వే పరిశ్రమ సదస్సులోను లైసెన్సు పొందిన ఇంజనీర్ల, టెక్నీషియన్ల సంఘాలకు ప్రతినిధి స్థానం ఇవ్వాలని ఫెడరేషన్ స్థాయిలో కోరాలి. ప్రజాధనంతో జరిగే సభలో యజమానికి కుర్చీ ఉండి పనివాడికి లేకపోవుట న్యాయం కాదు.

రెండవది: మన సభ్యుల కుటుంబాలలో విమాన మరమ్మత్తు శిక్షణలో, హ్యాంగర్లలో పనిచేస్తున్నవారి వివరాలను ప్రతి శాఖా ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. వారిని సభలకు పిలవాలి. పనిగంటలు, కాంట్రాక్టు షరతులు, శిక్షణ కాలపు బాండ్లు వారు చెబితేనే మనకు తెలుస్తాయి. యువకులు ఒంటరిగా సంతకం పెట్టే ఒప్పందాలను అనుభవజ్ఞులు చదివి చెప్పగలిగితే అదే పెద్ద సేవ.

మూడవది: రైలైనా విమానమైనా, పని పూర్తికాలేదని భావించినవాడు సంతకం నిరాకరించే హక్కును, నిరాకరించినందుకు శిక్షపడని రక్షణను మన ఉమ్మడి కోరికగా రూపొందించాలి. టి.ఎక్స్.ఆర్. సిబ్బందికి, హ్యాంగరులోని ఇంజనీరుకు ఈ విషయంలో ఒకే ప్రయోజనమున్నది. ప్రయాణికుడికి కూడ అదే ప్రయోజనం.

యజమానులు తమ కార్డులను జేబులో వేసుకొని సదస్సుకు బయలుదేరుతున్నారు. వారికి మన అభ్యంతరం లేదు. మన సభ్యత్వపు కార్డు కూడ పరిచయపత్రమే. దానిని బీరువాలో దాచక బయటకు తీయాలి. తరువాతి జోనల్ సమావేశం నాటికి ప్రతి శాఖా తన రిజిస్టరులో మొదటి పేజీ నింపి తీసుకొని రావలసిందిగా కోరుతున్నాము.