చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు ఇంటర్నెట్‌లో పెడతారట!

మాది జహీరాబాద్ వైపు. హైదరాబాద్ నుంచి బొంబాయి రోడ్డు పట్టుకుని సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ దాటి ఇంకాస్త ముందుకెళ్తే చిరాగ్‌పల్లి. అదీ దాటితే కర్ణాటక. ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళం, ఇప్పుడు 65 అంటున్నారు. చిరాగ్‌పల్లి అనగానే మా వైపు వాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఊరు కాదు, చెక్‌పోస్టు. దాని ముందు లారీల బారు. డ్రైవర్లు దిగి చాయ్ తాగుతూ, బీడీలు కాలుస్తూ, కాగితాలు పట్టుకుని తిరుగుతూ ఉండేవాళ్ళు. బస్సులో వెళ్ళే మాలాంటి వాళ్ళకి అదో కాలక్షేపం. లారీ వాడికి మాత్రం అదే రోజు కూలీ.

అక్కడే ఇంకో చెక్‌పోస్టు ఉండేది, కంటికి కనపడనిది. సరిహద్దు దగ్గరకి రాగానే ఫోను టింగుమనేది, కర్ణాటకకి స్వాగతం అని. ఆ క్షణం నుంచి మీరు రోమింగ్‌లో ఉన్నట్టు. మనకి ఎవరైనా ఫోను చేసినా మన డబ్బులే పోయేవి. తమాషా ఏంటంటే సెల్ టవరుకి జిల్లా మ్యాపు తెలియదు కదా! మా చిన్నాయన చెలక ఇటువైపే ఉన్నా ఫోను మాత్రం అటువైపు టవరు పట్టుకునేది. "నా చెల్కల నేను నిలబడితె గూడ పైసలు గుంజుతరా బిడ్డా? నువ్వు కంపూటర్ల పని జేస్తవ్ గద, జెర జెప్పరాదు ఆళ్ళకు" అనేవాడు. కంపెనీ పేరు వద్దులెండి, అందరూ అందరే. నేను కస్టమర్ కేర్‌కి ఫోను చేసి ఓ గంట సంగీతం విని పెట్టేసేవాణ్ణి.

ఇప్పుడా రెండూ లేవు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. ఏసీబీ దాడుల తర్వాత 2025 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం రవాణా శాఖ చెక్‌పోస్టులు కూడా ఎత్తేసింది. ఫోను రోమింగు అంతకంటే చాలా ముందే పోయింది. నాకు తెలిసి వీటిలో ఏ ఒక్కటి పోయినందుకూ ఎవరూ ఏడవలేదు, అక్కడ కూర్చున్నవాళ్ళు తప్ప.

మరి ఈ పాత పురాణం ఇప్పుడెందుకంటే, అచ్చం ఇలాంటి చెక్‌పోస్టే ఇంటర్నెట్ మీద పెట్టాలని మన టెలికాం కంపెనీలు అడుగుతున్నాయి. జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాలు సభ్యులుగా ఉన్న సీఓఏఐ అనే సంఘం దీనికి పెట్టిన ముద్దు పేరు "ఫెయిర్ షేర్", అంటే న్యాయమైన వాటా. యూట్యూబు, నెట్‌ఫ్లిక్సు, వాట్సాప్ లాంటివి మా తీగల మీద బోలెడంత ట్రాఫిక్ తోలుతున్నాయి, కాబట్టి మా నెట్‌వర్కు ఖర్చులో వాటా ఇవ్వాలి అన్నది వాదన. 2023 జూలై 7న ట్రాయ్ ఓటీటీల మీద చర్చాపత్రం విడుదల చేసినప్పుడు ఈ కోరికని గట్టిగా చెప్పారు. ఆ తర్వాతా వదల్లేదు.

వినడానికి ఎంత బావుందో చూడండి. గూగుల్ లాంటి వాడి దగ్గర డబ్బులు పిండి మన టవర్లకి పెడతారు, మనకేం నొప్పి? మా ఆఫీసులో టీ దగ్గర ఇదే మాట విన్నాను. పన్నెండేళ్ళు ప్రోటోకాల్ కోడ్ రాసినవాడు, "వాళ్ళ ట్రాఫిక్కే కదా, వాళ్ళే కట్టనీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అందుకే ఇదంతా.

అయ్యా, ట్రాఫిక్ వాళ్ళది కాదు. మనది. యూట్యూబు సర్వరు పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, పాపం చిరాగ్‌పల్లిలో ఫలానా ఆయనకి ఓ సినిమా పాట పంపిద్దాం అనుకోదు. ఆ ఫలానా ఆయన వేలితో నొక్కితే గెట్ రిక్వెస్ట్ వెళ్తుంది, వెళ్తేనే పాట వస్తుంది. ఆ పాట తాలూకు ప్రతి బైటుకీ ఆయన రీచార్జి రూపంలో ముందే డబ్బు కట్టాడు. 2024 జూలైలో మూడు కంపెనీలూ ఒకదాని వెనక ఒకటి రేట్లు పెంచాయి, అది కూడా కట్టాడు. అవతలి వైపు వాడు తన సర్వర్లకి, తన బ్యాండ్‌విడ్తుకి వేరే కట్టుకుంటున్నాడు. పెద్ద కంపెనీలైతే తమ క్యాషింగ్ పెట్టెలు తెచ్చి టెలికాం వాళ్ళ గదుల్లోనే పెడుతున్నాయి. నెట్‌ఫ్లిక్సు ఆ పెట్టెల్ని ఊరికే ఇస్తుంది. అంటే దూరం నుంచి మోసుకొచ్చే ఖర్చు తగ్గిస్తున్నారన్నమాట. ఇటు కట్టాం, అటు కట్టారు, ఇక మధ్యలో ఈ మూడో టిక్కెట్టు దేనికి?

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ ఎత్తడం లేదు. పాటకి ముందు వచ్చే ప్రకటనలు. ఆన్‌లైన్ రమ్మీ వాడి ప్రకటన వచ్చేది (2025లో చట్టం చేసి ఆ ఆటల్ని నిషేధించారు, అది వేరే కథ). ఇప్పుడు ఇంకోటేదో వస్తుంది. అయిదు సెకన్ల తర్వాత తోసేయొచ్చు, రెండోది తోసేయడానికి వీల్లేదు. ఆ ప్రకటన తాలూకు బైట్లు ఎవరి ఖాతాలో పోతున్నాయి? మన రోజుకి ఒకటిన్నర జీబీలోంచే. నేను అడగని సరుకుని నా బండి మీద నా డీజిలు పోసి మోసుకొస్తున్నాను. నిజంగా న్యాయమైన వాటా గురించి మాట్లాడాలంటే మొదట మాట్లాడాల్సింది ఇదీ! ఆ ప్రకటనలు మోసుకొచ్చినందుకు టెలికాం కంపెనీకి మన దగ్గర ఇప్పటికే ముట్టింది. ఇప్పుడు అవతలి వాడి మీద సుంకం వేస్తే వాడు ఏం చేస్తాడు? సొంత జేబులోంచి తీస్తాడా? ఇంకో ప్రకటన కలుపుతాడు, లేకపోతే చందా పెంచుతాడు. చివరికి తిరిగి తిరిగి అది చిన్నాయన ఫోను దగ్గరికే వస్తుంది.

ఇవన్నీ ఊహలు కావు, చేసి చూసిన దేశం ఉంది. దక్షిణ కొరియాలో 2016 నుంచి "పంపినవాడే కట్టాలి" అనే లెక్క నడుస్తోంది. అక్కడ నెట్‌ఫ్లిక్సుకీ ఎస్‌కే బ్రాడ్‌బ్యాండుకీ కోర్టుల్లో ఏళ్ళ తరబడి తగువు నడిచి 2023లో రాజీ కుదిరింది. ట్విచ్ అనే గేమింగ్ వీడియోల కంపెనీ 2022లో కొరియా వాళ్ళకి మాత్రమే వీడియో నాణ్యత తగ్గించింది, అయినా గిట్టుబాటు కాక 2024 ఫిబ్రవరిలో దుకాణం కట్టేసింది. మిగతా చాలా దేశాలకంటే అక్కడ నెట్‌వర్కు ఫీజులు పది రెట్లు ఎక్కువని చెప్పింది. అది అమెజాన్ వాళ్ళ కంపెనీ, డబ్బుల్లేక పోయిందనుకోకండి. ఐరోపాలోనూ టెలికాం వాళ్ళు ఇదే పాట పాడితే, అక్కడి నియంత్రణ సంస్థల సంఘం బెరెక్ 2022 అక్టోబర్‌లో లెక్కలు చూసి, వీళ్ళు ఊరికే వాడుకుంటున్నారనడానికి ఆధారం లేదని తేల్చింది.

సరే, మన దగ్గర ఈ వేషం కొత్తదా అంటే అదీ కాదు. 2014 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కి విడిగా డేటా ఛార్జీ అంది, జనం తిడితే వెనక్కి తగ్గింది. 2015 మార్చి 27న ట్రాయ్ 118 పేజీల పత్రం తెచ్చింది. అప్పుడు కదా తమాషా! నాకు తెలిసిన సాఫ్టువేరు జనాభాలో సగం మంది జీవితంలో మొదటిసారి ఒక ప్రభుత్వ సంస్థకి ఉత్తరం రాశారు. పది లక్షలు దాటిన ఈమెయిళ్ళు. ట్రాయ్ మహానుభావులు వాటన్నిటినీ ఈమెయిల్ అడ్రసులతో సహా వెబ్‌సైటులో పెట్టేసి స్పామర్లకి సంక్రాంతి చేశారు, అది ఇంకో ప్రహసనం.

ఆ తర్వాత ఫ్రీ బేసిక్స్. 2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్.ఆర్గ్ అన్న పేరుతో రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఫేస్‌బుక్ దాన్ని మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. భాషల్లో తెలుగూ ఉంది. అంటే మొదటి ప్రయోగం మన మీదే. ముప్ఫై పైచిలుకు సైట్లు ఉచితం, మిగతా ఇంటర్నెట్టుకి డబ్బులు. 2015 డిసెంబర్‌లో ట్రాయ్ దీని మీద అభిప్రాయాలు అడిగేసరికి ఫుల్ పేజీ ప్రకటనలు, హోర్డింగులు, ఫేస్‌బుక్ తెరిస్తే ఓ బటను. అది నొక్కితే మన పేరుతో ట్రాయ్‌కి ఈమెయిలు వెళ్ళిపోతుంది. జుకర్‌బర్గ్ గారు స్వయంగా డిసెంబర్ 28న పత్రికలో వ్యాసం రాశారు, మహారాష్ట్ర రైతు గణేశ్ పేరు చెప్పి, గ్రంథాలయాలతో పోల్చి. గ్రంథాలయమట! మా ఊరి గ్రంథాలయంలో పుస్తకాలు తక్కువే కానీ, ఎవరు ఏ పుస్తకం ఎంతసేపు చదివారో రాసుకుని చెప్పుల కొట్టు వాడికి అమ్మే లైబ్రేరియన్ని మాత్రం నేను చూడలేదు. అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పకుండా మూసపోసిన మెయిళ్ళు లక్షల్లో పంపితే, ఇది మెజారిటీ పేరుతో మోటుగా నడిపించిన అభిప్రాయ సేకరణ అన్న అర్థంలో ట్రాయ్ ఘాటుగా ఉత్తరం రాసింది. 2016 ఫిబ్రవరి 8న నిబంధన వచ్చింది: ఏ సైటు చూస్తున్నామన్న దాన్ని బట్టి డేటా రేటు మారకూడదు, మారిస్తే రోజుకి 50,000, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా. మూడు రోజులకి ఫేస్‌బుక్ ఇక్కడ ఫ్రీ బేసిక్స్‌ని చుట్టేసింది. 2018లో, సైట్లని ఆపకూడదు, నెమ్మదింపజేయకూడదు అన్న షరతులు లైసెన్సుల్లోకే ఎక్కాయి.

అందులో ఒక కంత ఉంది, గమనించండి. 2016 నిబంధన మన దగ్గర వసూలు చేసే రేటు గురించి. అవతలి కంపెనీ దగ్గర వసూలు చేసే దారి సుంకం గురించి అందులో నేరుగా లేదు. ముందు గుమ్మానికి తాళం వేశాం కాబట్టి ఇప్పుడు పెరటి దారి చూసుకుంటున్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వాళ్ళ ఖర్చులు అబద్ధం కాదు. 5జీ స్పెక్ట్రమ్ కొన్నారు, టవర్లు వేశారు, వొడాఫోన్ ఐడియా బాకీల సంగతి మనకి తెలిసిందే. ఖర్చు పెరిగితే రేటు పెంచుకోవడం ఒక పద్ధతి. అది కనీసం బిల్లులో కనపడుతుంది, తిట్టుకోవడానికి వీలుంటుంది. అది ఎటూ చేస్తున్నారు, దాంతో పాటు ఇదీ కావాలంటే ఎలా?

"పెద్దవాళ్ళ దగ్గరే తీసుకుంటాం, చిన్నవాళ్ళ జోలికి రాం" అన్నది తర్వాతి అస్త్రం. పెద్ద అంటే ఎంత, ఎవరు కొలుస్తారు, కొలిచేవాడి సొంత సినిమా యాప్ మీద కూడా ఇదే సుంకం పడుతుందా? టెలికాం కంపెనీలకి సొంత యాపులున్నాయి కదా. చెక్‌పోస్టులో కూర్చున్నవాడికే సొంత లారీలుంటే వాటిని ఎంతసేపు ఆపుతాడో మా చిరాగ్‌పల్లి జనాన్ని అడగండి.

నాకు ఇంకో భయం ఉంది, అది డబ్బుది కాదు. జహీరాబాద్ పక్కన మాచ్‌నూర్‌లో సంగం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళది, చాలామంది దళిత రైతులు. యునెస్కో సాయంతో 90ల చివర్లోనే స్టేషను కట్టుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీం కోర్టు 1995లోనే చెప్పింది కూడా. అయినా లైసెన్సు ఇవ్వలేదు. ఏళ్ళ తరబడి కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసుకుని సంఘం మీటింగుల్లో వేసుకుని విన్నారు. 2006లో విధానం మారాక, 2008 అక్టోబర్ 15న గాని గాల్లోకి ఎక్కలేకపోయారు. ఎక్కాక కూడా సొంతంగా వార్తలు చెప్పకూడదని ఆంక్ష! కొర్రలు, జొన్నలు, విత్తనాల గురించి తమ యాసలో మాట్లాడుకోవడానికి అనుమతి కోసం పదేళ్ళు.

రేడియోకి గేటు ఉంది కాబట్టి వాళ్ళు పదేళ్ళు గేటు బయట నిలబడ్డారు. ఇంటర్నెట్‌కి గేటు లేదు కాబట్టి ఇవాళ ఝరాసంగంలో ఓ కుర్రాడు ఫోనుతో వీడియో తీసి ఎవరినీ అడక్కుండా పెట్టేస్తున్నాడు. మనలో చాలామంది ఉద్యోగాలూ అలా వచ్చినవే. 2000లలో తెలుగు ఫాంట్లు, తెలుగు వికీపీడియా, కీబోర్డు లేఅవుట్లు సెలవురోజుల్లో కూర్చుని చేసినవాళ్ళు ఏ టెలికాం కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుని చేశారు? అప్పుడే ఈ వాటాల లెక్క ఉండి ఉంటే, తెలుగుకి గిరాకీ లేదని మొదటి గుమ్మంలోనే చెప్పేసేవాళ్ళు.

అమెరికాలో ఈ నియమాలు 2015లో వచ్చాయి, 2017లో తీసేశారు, 2024లో మళ్ళీ పెట్టారు, 2025 జనవరి 2న కోర్టు మళ్ళీ కొట్టేసింది. ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూనే ఉంది. కాబట్టి మనకి 2016లో అయిపోయిందిలే అని చేతులు కడుక్కుని కూర్చున్న మిత్రులు ఒక్కసారి లేవాలి. ఈసారి ఫుల్ పేజీ ప్రకటనలు ఉండవు, రైతు గణేశ్ ఉండడు. గదిలో నలుగురు కూర్చుని, ఫైలు కదిపి, జాతీయ ప్రయోజనం అని ఓ మాట తగిలిస్తారు. విదేశీ కంపెనీల మీద వేస్తున్నాం అంటారు, చప్పట్లు కూడా పడతాయి.

మా టీ మిత్రుడికి ఇవన్నీ చెప్పాను. అంతా విని, "అయితే 2015లో నువ్వు మెయిలు పంపావా?" అన్నాడు. పంపాను. నా అడ్రసు ఆ జాబితాలో ఎక్కడో ఉంది, దాని పుణ్యమా అని లాటరీ తగిలిందని ఉత్తరాలు వచ్చాయి. రేపు ట్రాయ్ ఇంకో చర్చాపత్రం తెస్తే మళ్ళీ పంపుతాను. చిన్నాయన చేత కూడా పంపిస్తాను. ఆయనకి టైపింగు రాదు, ఆయన చెప్తుంటే నేను కొడతాను, తెలుగులోనే, ఆయన మాటల్లోనే. చదువుకునే ఓపిక వాళ్ళకుండాలి మరి.