అరకు పూలు మన హాల్లో

చలికాలం సెలవుల్లో అనంతగిరి ఘాట్ దిగి ఎస్.కోట వైపు వచ్చే కార్లను చూడండి. వెనక సీట్లో పిల్లల మధ్య ఒకటో రెండో పూలకుండీలు ఇరుక్కుని ఉంటాయి. జెరబెరా, డాలియా, హైడ్రాంజియా, ఒక్కోసారి ఎర్రటి పాయిన్‌సెట్టియా. విశాఖ చేరేదాకా కళకళలాడతాయి. సంక్రాంతి వెళ్ళేసరికి తలలు వాల్చేస్తాయి. శివరాత్రికి కుండీ మాత్రం మిగులుతుంది. ‘నా చేతికి మొక్క బతకదు’ అని ఆ ఇంటావిడ బాధపడుతుంది. పాపం, ఆ చేతిని అనాల్సిన పనేం లేదు.

అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. జనవరి రాత్రుళ్ళు అక్కడ పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. ఆ పూలకు ఆ రంగూ ఆ నిలకడా ఇచ్చేది ఆ చలే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన పద్మాపురం తోటలో నిలబడి ఇప్పుడు మనం పూలు చూసి మురిసిపోతాం. ఇది మన హాల్లో పెడితే ఎంత బావుంటుందో అనుకుంటాం.

హాల్లో ఆ చలి ఎలాగూ ఉండదు. వెలుతురు మాత్రం బాగానే ఉందనిపిస్తుంది, కన్ను సర్దుకుపోతుంది కాబట్టి. ఆరుబయట ఎండలో లక్ష లక్స్ దాకా ఉండే వెలుగు, కిటికీకి నాలుగడుగులు లోపలికొస్తే వెయ్యి చుట్టుపక్కలకు, సోఫా మూలకు వచ్చేసరికి రెండొందలకో వందకో దిగిపోతుంది. మధ్యాహ్నం దీపాలార్పి, మొక్క పెట్టాలనుకున్న చోట తెల్లకాగితం పరిచి పైన చెయ్యి పెట్టి చూడండి. నీడ అంచులు తేటగా పడితే పూలమొక్క మీద ఆశ పెట్టుకోవచ్చు. మసగ్గా పడితే ఆకుమొక్కతో సరిపెట్టుకోవాలి. నీడే పడకపోతే అక్కడ ఏటికొప్పాక బొమ్మ పెట్టండి, అందంగా ఉంటుంది, నీళ్ళూ అడగదు.

కొండ ఊళ్ళలో ఇంటి లోపల మొక్క పెంచడం అరుదు. సొరపాదు కప్పు మీదికి పాకుతుంది, చిక్కుడు దడికి అల్లుకుంటుంది, పసుపు పెరట్లో ఉంటుంది. ఏది ఎక్కడ బతుకుతుందో అక్కడివాళ్ళకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అలాగని ఆ కొండల్లో మన ఫ్లాట్లకు పనికొచ్చేవి లేవని కాదు. చెట్ల కింద నీడన పెరిగేవాటిని చూడాలి. అరకు, పాడేరు, చింతపల్లి తోటల్లో సిల్వర్ ఓక్ నీడలో పెరిగే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టింది ఇథియోపియా అడవుల్లో, అక్కడా పెద్ద చెట్ల నీడలోనే. ముదురాకుపచ్చ ఆకులతో తూర్పు కిటికీ పక్కన కుండీలో చక్కగా నిలబడుతుంది. ఏసీ గాలి సూటిగా తగలకూడదు. హైదరాబాదులో అయితే ఏప్రిల్, మే నెలల్లో బాల్కనీ నుంచి లోపలికి జరపాలి, లేకపోతే వడగాలికి ఆకుల అంచులు మాడతాయి. కాయలు కాస్తుందని ఫిల్టరు కడిగి పెట్టుకోకండి.

ఆ సిల్వర్ ఓక్‌నే పట్టుకుని పైకెక్కే మిరియం తీగ ఇంకొకటి. నా ఓటు మాత్రం పిప్పలికి. మోడి అనే దాని వేరు కోసం విశాఖ మన్యంలో దాన్ని సాగు చేస్తారు. తడినీ నీడనీ ఇష్టపడే పాకుడు మొక్క, హృదయాకారపు ఆకు. మనీప్లాంటు పక్కన పెడితే రెండూ చుట్టాలేమో అనుకుంటారు. ఎక్కడో పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవిలో పుట్టిన మనీప్లాంటును, పక్కింట్లో దొంగిలించి నాటితేనే డబ్బొస్తుందని నమ్మి మరీ పెంచుతాం. దగ్గుకు నూరి వాడే పిప్పలి మన కొండల్లో ఉంటే అడిగినవాడు లేడు.

ఇక మీ రోజు ఎలా గడుస్తుందో చూసుకోవాలి. నెలలో సగం ఊళ్ళు తిరిగే ఉద్యోగమైతే కాఫీ, పిప్పలి రెండూ వద్దు. స్నేక్ ప్లాంటు పెట్టుకోండి, రెండు మూడు వారాలు నీళ్ళు లేకపోయినా ఓర్చుకుంటుంది. రోజూ చెంబెడు నీళ్ళు పోస్తే తప్ప తోచని పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే అదే మొక్క వేరు కుళ్ళి చస్తుంది. పాకే పిల్లలున్నచోట డిఫెన్‌బేకియా పనికిరాదు, ఆకు నమిలితే నోరూ నాలుకా వాస్తాయి.

గాలిని శుభ్రం చేస్తుందన్న మాట విని మాత్రం ఏదీ కొనకండి. 1989లో నాసా చేసిన ప్రయోగం గాలి చొరని మూసిన పెట్టెల్లో జరిగింది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కకడితే, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పని చేయాలంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ పది మొక్కలు కావాలని తేలింది. కిటికీ తెరుచుకోవడం చవక.

అడవిలో చెట్టు మీద పెరిగే ఆర్కిడ్‌ను పీకి ఎవరైనా అమ్మజూపితే కొనకండి. పూలే కావాలంటే కడియం నర్సరీల మొక్కలు తెచ్చుకోండి, గోదావరి ఉక్కలో పెరిగినవాటికి విశాఖ ఉక్క కొత్త కాదు. ఈసారి అరకు బయల్దేరేముందు మీ కిటికీ ఎటు తిరిగి ఉందో ఒకసారి చూసుకుని వెళ్ళండి.