ఆసు యంత్రం చెప్పే సాక్ష్యం

ఉత్పత్తి పెరిగితే నేత నాణ్యత పడిపోతుందనే మాట తరచూ వింటుంటాం. ఉమ్మడి నల్లగొండ అనుభవం ఆ మాటకు అడ్డు చెబుతుంది. పోచంపల్లి చీరకు చిటికి (రంగు అంటకుండా పోగులకు వేసే కట్టు) కట్టే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకులకు పోగు తిప్పడానికి ఒక్క చీరకే చేయి వేల సార్లు ఆడాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారు చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినా చీర నాణ్యత చెడలేదు. ఎందుకంటే రంగు ఎక్కడ పడాలో తేల్చేది చిటికి కట్టే వేళ్లు, మగ్గం మీద పోగు సర్దే కన్ను. యంత్రం వాటి జోలికి పోలేదు.

అన్ని పనులూ ఇలా కుదించలేం, నిజమే. పుట్టపాక తేలియా రుమాలు నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెడతారు. ఆ రోజులు కోస్తే మిగిలేది పేరే. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగుకూ మెలేసి కలపాల్సిందే. అంత ఓపిక పడితే ధర పెరిగి కొనేవారు పోతారని వ్యాపారులంటారు. నిజానికి కొనేవారిని లాక్కుపోతున్నది పోచంపల్లి డిజైన్‌ను అచ్చేసి అదే పేరుతో అమ్మే మరమగ్గం గుడ్డ. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించే చేనేత రిజర్వేషన్ చట్టం 1985 నుంచీ ఉంది, దాన్ని గట్టిగా అమలు చేయాలి. కొనేవారు కొంగు తిరగేసి చూడాలి: అచ్చు రంగు వెనక వెలవెలబోతుంది, చిటికి రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది.