యంత్రంలోని యంత్రానికి గొంతు

హనుమకొండ నుంచి ఒక తల్లి వ్రాస్తున్నారు: "మా అబ్బాయికి చూపు లేదు. వర్చువల్‌బాక్సులో విండోస్ 10 పెట్టుకుని చదువుకుంటున్నాడు. తెర చదివి వినిపించే ఎన్.వి.డి.ఏ. గొంతు అందులో గరగరలాడి తెగిపోతున్నది. పరీక్షలు దగ్గరపడ్డాయి."

అమ్మా, చూపున్నవారికి ఇది వట్టి చికాకు. మీవాడికి తెరే మాయమైనట్టు. లోపలి యంత్రానికున్నది ఉత్తుత్తి సౌండుకార్డు. యంత్రాన్ని ఆపి, సెట్టింగులలో ఆడియో చూడండి. ఔట్‌పుట్‌కు టిక్కుండాలి, కార్డు ఇంటెల్ హెచ్.డి. కావాలి. (పాత ఎక్స్‌పీకైతే ఏ.సి.97.) గరగర సంగతి వేరు: ధ్వని తునకలు వేళకు అందడం లేదన్నమాట. ఉన్న కోర్లన్నీ లోపలిదానికే ధారపోస్తే బయటిదానికి ఊపిరాడదు, నాలుగుంటే రెండివ్వండి. అప్పటికీ తెగితే ఈ-స్పీక్ గొంతు పెట్టండి. బహు తేలికది, తెలుగూ పలుకుతుంది, కాస్త దొరగారి యాసలో!