చూసివద్దాం రండి: కొండ యెక్కిన వూరు



మీలో చాలామంది సూర్యలంక సముద్రం చూసే వుంటారు. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లే గదా! అక్కడ మీరు ఇసుకతో ఒక గుడి కట్టారనుకోండి. గోపురం నిలబెట్టారు, ప్రాకారం పెట్టారు, గవ్వలు అద్దారు. ఇంతలో పోటు వచ్చింది. అలలు అడుగడుగే ముందుకు వస్తున్నవి. ఇప్పుడేం చేస్తారు? గుడిని యెత్తి మెరకకు తీసుకుపోదామంటే, చేతిలో ఇసుక మిగులుతుంది గాని గుడి మిగలదు.

ఇట్లాంటి చిక్కే ఒకసారి పెద్దవాళ్లకు వచ్చింది. అయితే అక్కడ పైకి వచ్చినది సముద్రం కాదు, కృష్ణానది. మునగబోయినది ఇసుక గుడి కాదు, ఒక రాజధాని. ఈ నెల అక్కడికే వెళ్లివద్దాం.

బాపట్ల నుంచి గుంటూరు, గుంటూరు నుంచి మాచర్ల, అక్కడి నుంచి విజయపురి సౌత్. ఆ రేవులో లాంచీ యెక్కాలి. చుట్టూ యెటు చూసినా నీళ్లే! నడుమ ఒక దీవి కనిపిస్తుంది. నిజానికి అది దీవి కాదు, కొండ నెత్తి. అదే నాగార్జునకొండ. మన లాంచీ పోతున్నది ఒకప్పటి వీధుల మీదుగా!

సాతవాహనుల తరువాత, మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజులు ఈ లోయలో విజయపురి అనే నగరం కట్టుకొని యేలారు. వారిలో శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని కొడుకు వీరపురుషదత్తుడు. ఆ రాజు మేనత్త చాంతిసిరి బౌద్ధుల కోసం మహాచైత్యం కట్టించింది. ఒకే నగరంలో యజ్ఞవాటికలూ వున్నవి, ఆరామాలూ వున్నవి. సింహళం నుంచి వచ్చే భిక్షువులకు వేరే విహారం కూడా వుండేది.

మహాచైత్యం అడ్డుకొలత 106 అడుగులు. పైనుంచి చూస్తే దాని పునాది అచ్చం బండిచక్రం మాదిరిగా వుంటుంది. చక్రానికి ఆకులున్నట్టే లోపల గోడలు కట్టారు. వాటికి వాడిన ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. మీ ఇంటి గోడలో ఇటుకను ఒకసారి కొలిచి చూడండి, తేడా తెలుస్తుంది.

కాలం గడిచింది. నగరం పాడుపడ్డది, అడవి కమ్మింది, పేరు కూడా మరుపున పడ్డది. లోయలో పుల్లారెడ్డిగూడెం అనే చిన్న పల్లె మిగిలింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ ఒక పాత స్తంభాన్ని చూశారు. ఎందరో ఆ దారిన పోయి వుంటారు. కాని ఆయన వూరికే చూసి పోలేదు, ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనాల శాఖలో పనిచేసే సరస్వతిగారు వచ్చి పరిశీలించారు. తరువాత లాంగ్‌హర్స్ట్ దొర తవ్వించగా, మహాచైత్యంలో బంగారు బరిణె, అందులో చిన్న ఎముక ముక్క దొరికినవి.

ఇంతలో కృష్ణకు అడ్డంగా పెద్ద ఆనకట్ట కట్టాలని నిశ్చయమైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అది పూర్తయితే లోయ అంతా నీట మునిగిపోతుంది. మరి ఆనకట్ట మానుకోవచ్చునా? పల్నాడులో తాగేందుకు నీళ్లు లేని వూళ్లున్నవి. వానకోసం ఆకాశం వంక చూసే చేలున్నవి. సాగరంలో నిలవచేసిన నీళ్లు దిగువకు విడిస్తే, బెజవాడలో ప్రకాశం బరాజు దగ్గర కాలవల్లోకి మళ్లి తెనాలి, రేపల్లె, బాపట్ల చేలదాకా వస్తవి. మీ పళ్లెంలో అన్నానికీ, ఆ మునిగిన లోయకూ సంబంధం వున్నదన్నమాట!

అందుచేత నీళ్లకు ముందే పని పూర్తి చేయాలని పురావస్తు శాఖవారు బయలుదేరారు. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన వందకు పైగా చోట్ల తవ్వారు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను కొండమీదికి తరలించి తిరిగి కట్టారు. 1966లో మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న కాలవలకు నీళ్లు వదిలారు.

కట్టడాన్ని యెట్లా తరలిస్తారని మీకు సందేహం రావచ్చు. మొదట నాలుగు వైపులా ఫోటోలు తీస్తారు. కొలతలు వేసి పటం గీస్తారు. ప్రతి రాతికీ ఒక నంబరు వేసి, అదే నంబరు పటంలోనూ వేస్తారు. ఆ తరువాతే వూడదీస్తారు. కొత్త చోట పునాది వేసి, పటం చూసుకుంటూ మళ్లీ పేరుస్తారు. రాయి పోతే కొత్త రాయి చెక్కవచ్చు, పటం పోతే మాత్రం మిగిలేది రాళ్లగుట్టే!

కొండమీద మహాచైత్యం, సింహళ విహారం, స్నానఘట్టం చూసి తిరిగివస్తే, జలాశయం ఒడ్డున అనుపు అనే చోట మరికొన్ని కట్టడాలున్నవి. అందులో మెట్లు మెట్లుగా అరుగులున్న ఆటలరంగం ఒకటి. నడుమ నిలబడి చప్పట్లు కొడితే పైమెట్టు దాకా వినిపిస్తుంది.

మన దేశంలోనే కాదు, ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను 1964 నుంచి 1968 వరకు ముక్కలుగా కోసి పైకి తెచ్చారు. స్వీడన్‌లో ఆర్తుర్ హజేలియస్ 1891లోనే స్కాన్సెన్ అనే ఆరుబయలు మ్యూజియం తెరిచాడు. పల్లెల నుంచి పాత ఇళ్లు తెచ్చి అక్కడ వూరుగా నిలబెట్టాడు. పాతకాలపు దుస్తులు వేసుకున్న మనుషులు ఆ ఇళ్లలో పనులు చేసి చూపిస్తారు.

నాగార్జునకొండమీద అట్లా మనుషులు లేరు. రాళ్లు పైకి యెక్కినవి. చైత్యం నీడ పడిన నేల, స్నానఘట్టానికి తగిలిన యేరు, పుల్లారెడ్డిగూడెం వాళ్ల గడపలు పైకి యెక్కలేదు. పల్లెవాళ్లు సామాను సర్దుకొని వేరే చోట్లకు పోయారు. మన కాలవలో నీళ్లు చూసినప్పుడు వాళ్లను కూడా ఒకసారి తలుచుకోవాలి.

మరి నంబరు వేయకుండా రాళ్లు తీస్తే యేమవుతుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. రేపల్లె దగ్గర భట్టిప్రోలు వున్నది. అక్కడి స్తూపపు చలవరాళ్లను పందొమ్మిదవ శతాబ్దంలో కాలవ పనులకూ రోడ్లకూ పట్టుకుపోయారు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వినప్పుడు రాతల బరిణెలైతే దొరికినవి గాని, ఆ రాళ్లు తిరిగి రాలేదు. విజయపురి మునిగినా దాని రూపం మనకు తెలుసు. భట్టిప్రోలు మునగకపోయినా పూర్తి రూపం తెలియదు.

ఈ నెల మీకొక పని. ఇరవై ఇటుక ముక్కలతో చిన్న మండపం కట్టండి. పటం గీసి, సుద్దముక్కతో నంబర్లు వేయండి. వూడదీసి, పటాన్ని మీ స్నేహితుడి చేతికిచ్చి, పెరట్లో మరో చోట కట్టమనండి. మీరు నోరు విప్పరాదు! వాడు సరిగా కట్టగలిగితే మీ పటం మంచిదన్నమాట. అది అయ్యాక మీ తాతగారి ఇంటి పటం కూడా గీయండి. దూలాలెన్ని, స్తంభాలెన్ని, వంటింటి గూడు యెక్కడ, అన్నీ అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రాసుకోండి. ఆ ఇల్లు యెప్పటికీ అక్కడే వుంటుందని యెవరు చెప్పగలరు?