జీపుకు రెండు కళ్ళు చాలవా?

జీపు చేతికి రాగానే మన కుర్రాళ్ళు ముందు కొనేది అదనపు లైట్లు. వద్దనను. మారేడుమిల్లి ఘాట్ మలుపుల్లో వెడల్పుగా పరుచుకునే వెలుగు కావాలి. తిన్నని దారికి దూరం పోయేది కావాలి. ఏది అవసరమో తేల్చుకుని కొనండి.

అయితే 55 వాట్ల దీపాలు రెండంటే 12 వోల్టుల మీద 9 ఆంపియర్ల పైమాటే. ఆ భారమంతా చిన్న స్విచ్చి మోస్తుందా? ఓమ్ సూత్రం పరీక్షకేనా చదివాం? రిలే పెట్టండి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు, లావుపాటి తీగ వేయండి.

నేను గట్టిగా చెప్పేది మరొకటుంది. రిలేకి కనెక్షన్ హైబీమ్ తీగ నుంచే ఇవ్వాలి. డిమ్ చేయగానే అవీ ఆరిపోతాయి. ఎదురొచ్చే లారీ డ్రైవరుకి కళ్ళు బైర్లు కమ్మితే ప్రమాదం అతనొక్కడికేనా? ఎదుటివాడి దారి వాడికీ కనబడాలి గదా!