మేం నవాబుల పిల్లలం కాదు

మమ్మల్ని చూస్తే మీకు నిజాం గుర్తొస్తడు. మాకు మా అబ్బాల చేతులు గుర్తొస్తయ్. డోర్నకల్ జంక్షన్ల బొగ్గింజన్లకు పారతో బొగ్గేసిన చేతులు. ఎండల గడ్డపార పట్టి పట్టాలు సరిచేసిన చేతులు. మేం నవాబుల పిల్లలం కాదు, రైల్వే క్వార్టర్ల పిల్లలం.

ఒకదిక్కు ఇల్లందు బొగ్గు, ఇంకోదిక్కు బయ్యారం ఇనుపరాయి. ఈ రెంటికీ దగ్గర్ల మా ఊరు. ఖమ్మం జిల్లాల ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే వీలుందో లేదో ఆరు నెలల్ల చూడాలని 2014 విభజన చట్టంల రాసిన్రు. బయ్యారం అప్పుడు ఆ జిల్లాలనే ఉండె. ఏండ్లు గడిచినయ్, కొలిమి వెలగలేదు. మాకు తెలిసిన ఇనుమల్లా రైలు పట్టాల ఇనుమే.

నల్లా కాడ అమ్మీ ఉర్దూల లొల్లి పెడితే పక్కింటత్త తెలుగుల జవాబిచ్చేది. ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేటియి. పొద్దున మసీదుల అలిఫ్ బే, తర్వాత బడిల అఆలు దిద్దినం. ఆ బడిలనే రజాకార్ల మాట రాంగనే క్లాసంతా మా దిక్కు తిరిగేది.

రజాకార్ల దౌర్జన్యం నిజం. మేం దాచం. కాని వాళ్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టుల హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? అదే ఏడు సెప్టెంబర్ తర్వాత ఊర్లల్ల చచ్చిపోయిన మా బీదోళ్లెవరు? సుందర్‌లాల్ కమిటీ రాసిన ఆ సంగతులను సర్కారు దశాబ్దాల పాటు ఎందుకు బయటపెట్టలేదు? ఈ పాఠం మాకు ఏ సారూ చెప్పలేదు.

నిజాం రైల్వే 1951ల సెంట్రల్ రైల్వేల కలిసిపోయింది. దాన్ని నడిపిన మమ్మల్ని మాత్రం 'మీరెక్కడోళ్లు' అని ఇంకా అడుగుతనే ఉన్నరు. 2006 సచార్ కమిటీ లెక్క చూడున్రి. రైల్వే ఉద్యోగుల్ల ముస్లింలు 4.5 శాతం. వాళ్లల్ల 98.7 శాతం కింది స్థాయి కొలువులల్లనే ఉన్నరు. ఏలినోళ్ల బతుకు ఇట్లుంటదా?

సెక్యులర్ మిత్రులారా, మీ కార్మిక కథల్ల మేం వచ్చీరాని తెలుగు మాట్లాడే సాయిబుగా ఒక మూల కనబడి మాయమైతం. మా తెలుగు వచ్చీరానిది కాదు. మా జమాత్ పెద్దలారా, ముషాయిరాలల్ల పాత హైదరాబాద్ షాన్ తలుచుకుని మీరు కన్నీళ్లు పెడ్తరు. ఆ షాన్ల బొగ్గేసినోళ్ల వాటా ఎంత? మీ దేవిడీ గడప లోపల మా అబ్బాలు ఏనాడన్నా కూసున్నరా?

మాకు దేశభక్తి సర్టిఫికెట్ వద్దు, మీ జాలీ వద్దు. రేపు బయ్యారంల కొలిమి వెలిగితే గేటు కాడ మా పిల్లలూ నిలబడ్తరు. పేరడిగి పక్కకు పెట్టకున్రి. పనొస్తదా అని అడుగున్రి.